బడికి ముందటి ఏడు: ఇంటిలోని సాహిత్యశిక్షణమునకు ముందుచూపు

మూడేండ్లు నిండిన బిడ్డకు మొదట ఏమి నేర్పవలెనని అడిగినచో, తల్లిదండ్రులలో పెక్కుమంది అక్షరములని బదులు చెప్పుదురు. పలక, బలపము, వర్ణమాల పటము కొని తెచ్చి, బడులు తెరచు దినము కొరకు ఎదురు చూచుదురు. అక్షరములు నేర్పుట తప్పు గాదు. అయితే అక్షరములు వచ్చిన పిమ్మట వానితో చదువదగినది ఒకటి కలదను ఆశ బిడ్డకు ముందే కలిగి యుండవలెను. ఆ ఆశను పుట్టించునవి కథ, పాట, పద్యపు నడక. ఇవి మూడును చెవిద్వారా రావలసినవి. చెవి మిక్కిలి చురుకుగా నుండు కాలము బడికి ముందటిది.

ఈ వ్యాసమున నేను ప్రతిపాదింపదలచినది ఒక్కటే. బడికి ముందటి ఒక సంవత్సరమును ఇంటిలో తెలుగు సాహిత్యముతో నడుపదలచిన వారు, ముఖ్యముగా తెలుగునేలకు దూరమున కాపురమున్న వారు, ఆ సంవత్సరమునకు ముందుగనే క్రమము నేర్పరచుకొనవలెను. ఆ క్రమము పెద్దలను కట్టివేయవలెనే గాని బిడ్డను కట్టివేయరాదు.

మన పూర్వులకు ఇట్టి ప్రణాళికలు లేవు గదా, వారి పిల్లలకు కథలు రాలేదా యని కొందరు శంకింపవచ్చును. ప్రణాళిక లేదనుట సరి కాదు. అది కాగితముమీద లేదు, అంతే. పంచాంగము ఒక ప్రణాళిక. వినాయకచవితి వచ్చినంతనే చంద్రుడు నవ్విన కథ చెప్పక తప్పదు. మహాలయ అమావాస్య నాటికి తెలంగాణమున బతుకమ్మ పాటలు మొదలగును. ఆశ్వయుజ బహుళ తదియనాడు అట్లతద్ది పాటలు, ధనుర్మాసమున గొబ్బిపాటలు తమంతట తామే వచ్చును. పంచాంగము చెప్పని దినములలో అవ్వ చెప్పెడిది. ఏ కథ ఏ వయసునకు తగునో, ఏది రాత్రివేళ చెప్పరాదో, ఏ పాటకు బిడ్డ కాళ్ళు చాపి కూర్చుండవలెనో ఆమెకు తెలియును. ఉమ్మడికుటుంబము, ఊరు, ఋతువు కలిసి ఒక పాఠ్యక్రమమును నడిపించినవి. ఎవరును దానిని వ్రాసి పెట్టుకొనలేదు గనుక, అది పోయినప్పుడు ఏమి పోయినదో మనము గుర్తింపలేకున్నాము.

2011 జనాభా లెక్కల ప్రకారము భారతదేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలకు పైగా నున్నారు. అందు తమిళనాట 40 లక్షలకు, కర్ణాటకమున 30 లక్షలకు పైబడి కలరు. వీరు గాక ఢిల్లీ, ముంబయి, కలకత్తా, వారణాసి మొదలగు నగరములలోను విదేశములలోను ఉద్యోగముల నిమిత్తము నివసించువారు పెక్కురు. ఇట్టి యిండ్లలో తల్లిదండ్రు లిరువురును తెలుగే మాటలాడుదురు. బిడ్డయు మాటలాడును. కాని ఆ తెలుగు ‘తిను, పద, పడుకో, వద్దు’ అను ఇంటి అవసరముల మేరకు కుదించుకొని పోయినది. మాట మిగులును, వాఙ్మయము మిగులదు. బిడ్డ బడికి పోయి హిందీయో ఇంగ్లీషో నేర్చినందువలన తెలుగు పోయినదని మనము వాపోవుదుము. నిజమునకు ఆ బిడ్డ బడిలో కాలుపెట్టక మునుపే తెలుగు కథ లేక పెరిగినది. లోపము బడిది గాదు, దానికి ముందటి ఏటిది.

ఆ ఏడు ఎవరిది? 2009 నాటి విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్ల పిల్లలకు వర్తించును. 2002 నాటి 86వ రాజ్యాంగసవరణము ఆరేండ్ల లోపు పిల్లల సంరక్షణమును, విద్యను సమకూర్చుటకు ప్రయత్నింపవలెనని 45వ అధికరణమున రాజ్యమునకు నిర్దేశించినది. 1975లో ఆరంభమైన అంగన్‌వాడీలు ఎందరో బీదపిల్లలకు ఆధారమైనవి. 2020 జాతీయవిద్యావిధానము మూడవ ఏటినుండి ఎనిమిదవ ఏటివరకు గల కాలమును పునాది దశగా గుర్తించి, వీలైనంతవరకు ఇంటిభాషయే బోధనభాష కావలెనని పలికినది. ఇవన్నియు మేలైనవే. అయితే ఢిల్లీలోని యే శిశుపాఠశాలయు నలుగురైదుగురు తెలుగు పిల్లల కొరకు తెలుగు కథ చెప్పు ఉపాధ్యాయురాలిని నియమింపజాలదు. కావున అచటి తెలుగు బిడ్డకు ఆ ఏడు ఇంటిదే. ఇల్లు పూనుకొననిచో దానికి వేరు యజమాని లేడు.

ముందుగా క్రమ మేర్పరచుట యనినంతనే కొందరికి గంటల పట్టికలు, వారపరీక్షలు స్ఫురించును. అట్టిది నా యుద్దేశము గాదు. గుజరాతు విద్యావేత్త గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించిన మహనీయుడు. ఆయన ‘దివాస్వప్నము’ అను గ్రంథమున ఒక కల్పిత ఉపాధ్యాయుడు నాలుగవ తరగతి పిల్లలతో ప్రయోగము చేయును. తొలినాడు నిశ్శబ్దపు ఆట ఆడింపబోగా అది అల్లరిపాలై పోవును. ఉపాధ్యాయుడు నిరాశపడక, తన పొరపాటును గ్రహించి, మరునాడు కథతో ఆరంభించును, అల్లరిమూక శ్రోతలగును. ఇందు మనకు రెండు పాఠములు కలవు. సిద్ధపడక పిల్లలయెదుట నిలువరాదు. సిద్ధపడినది చెల్లనపుడు దానిని పట్టుకొని వ్రేలాడరాదు. 1886లో ‘హోమ్ ఎడ్యుకేషన్’ అను గ్రంథమును వెలువరించిన ఆంగ్లేయ విద్యావేత్త షార్లెట్ మేసన్ కూడ ఆరేండ్ల లోపు పిల్లలకు నియతపాఠములు వలదనియు, ఆరుబయట తిరుగుటయు మంచి అలవాట్లును ప్రధానమనియు చెప్పినది. పాఠములు వలదనుటకును, పెద్దలు సిద్ధపడవలదనుటకును చాల భేదము కలదు.

ఇక క్రమము ఎట్లుండవలెను? నా లెక్క యిది. జూన్ మొదలు ఉగాది వరకు సుమారు 42 వారములు. అందు 6 వారములు జ్వరములకు, ప్రయాణములకు, చుట్టములకు విడిచిపెట్టవలెను. మిగిలిన 36 వారములకు 12 కథలు చాలును. ఒక్కొక్క కథకు 3 వారములు. వానితోపాటు 12 పద్యములు, 20 పాటలు, 30 పొడుపుకథలు, పదిపన్నెండు బొమ్మల పుస్తకములు. దినమునకు అరగంట మించనక్కరలేదు. ఉదయము ఒక పాట, సాయంకాలము కథ, నిద్రవేళ పద్యము. పట్టిక మొత్తము ఒక్క కాగితమున ఇముడవలెను. ఇమడనిచో అది ఎక్కువైనదని గుర్తు.

పన్నెండు కథలు తక్కువ గదా యని తోచవచ్చును. ఏటికి నూరు పుస్తకములు చదివితిమని చెప్పుకొను తల్లిదండ్రులు నేడు కలరు. కాని మూడునాలుగేండ్ల బిడ్డ క్రొత్త కథకంటె విన్న కథనే మరల మరల అడుగునన్నది అందరికిని అనుభవమే. ఆ కోరికలోనే శిక్షణము కలదు. మన ఏడుచేపల కథను చూడుడు. రాజకుమారులు ఏడుగురు తెచ్చిన ఏడు చేపలలో ఒకటి ఎండలేదు. కారణ మడిగిన చేప గడ్డిమోపును చూపును, గడ్డిమోపు ఆవును, ఆవు కాపరిని, కాపరి అవ్వను, అవ్వ పిల్లవానిని, పిల్లవాడు చీమను చూపును. తన పుట్టలో వేలు పెట్టుటయే కారణమని చీమ తేల్చివేయును. జానపదకథాశాస్త్రజ్ఞులు దీనిని గొలుసుకథల వర్గమున చేర్చుదురు. శాస్త్రము నటుంచి వ్యాకరణమును చూడుడు. చేప ఎండలేదు, ఆవు మేయలేదు, కాపరి మేపలేదు, అవ్వ పెట్టలేదు. ఒక్క కథలో వ్యతిరేకక్రియలు వరుసగా దొరలుచున్నవి. మేయుటకును మేపుటకును గల భేదము, అనగా తానుగా చేయుటకును ఒకరిచే చేయించుటకును గల భేదము, ఏ సూత్రమును లేక బిడ్డ చెవిలో నిలుచును. ఏ వ్యాకరణపాఠము దీనిని నాలుగేండ్ల వయసున నేర్పగలదు?

ఈ కథకు మూడు వారములు ఏల? మొదటి వారము బిడ్డ వినును. రెండవ వారము ప్రశ్నలను తానే అడుగును, చెప్పువారు ఆగిన చోట అందుకొనును. మూడవ వారము కథను తాను చెప్పును. చేపను మరచి ఆవునొద్దకు దుమికినను పెద్దలు దిద్దరాదు. దిద్దకున్నను గొలుసు తెగిన చోట కథ నడువదు గనుక తానే వెనుకకు పోయి సరిచేసికొనును. ఈలోపల గోడవారగా పోవు చీమలబారును చూపవచ్చును, గడ్డి కోసి యెండబెట్టవచ్చును. కథలోని చీమ ఢిల్లీ ఇంటి మెట్లమీదను కలదని తెలిసినప్పుడు తెలుగు దూరదేశపు భాషగా తోచదు.

పన్నెండింటిలో సగము మౌఖిక కథలు, సగము గ్రంథస్థములు కావలెను. గ్రంథస్థములనగా గ్రంథభాషను బిడ్డకు వినిపింపుమని కాదు. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడినది. అందలి మిత్రలాభమున చిత్రగ్రీవుడను పావురాల రాజు తన పరివారముతో వలలో చిక్కి, అందరు నొక్కపెట్టున ఎగురగా వలతోకూడ ఆకాశమునకు లేచుటయు, హిరణ్యకుడను ఎలుక ఆ వలను కొరుకుటయు కలదు. ఈ కథను చెప్పదలచిన తండ్రి మే నెలలోనే మూలమును ఒకటికి రెండుమార్లు చదువుకొనవలెను. బిడ్డతో తన యింటి తెలుగులోనే చెప్పవలెను. మూలము చదివినవాని నోటి మాటకు ఒక బిగువు వచ్చును. ఆ బిగువే సాహిత్యము. భాగవతము అష్టమస్కంధమునందలి గజేంద్రమోక్షణకథ కూడ ఇట్టిదే. కథను వాడుకమాటలలో చెప్పి, పోతన పద్యము నొకదానిని రాగయుక్తముగా చదివి విడిచిపెట్టినచో చాలును. అర్థము అడిగిననే చెప్పవలెను.

పద్యములను గూర్చి ఒక మాట. మూడు వారములకు ఒక్క పద్యమునకంటె ఎక్కువ కూడదు. వేమన ఆటవెలదులు ఇందుకు మిక్కిలి అనుకూలములు. చరణములు పొట్టివి, నడక స్పష్టము, కడపట మకుటము మరల మరల వచ్చును. బిడ్డ మొదట మకుటమును అందుకొనును. పిదప దానికి ముందటి పాదమును, క్రమముగా పద్యమునంతను పట్టుకొనును. అనగా పద్యము తుదినుండి మొదటికి వచ్చును. 1829లో వేమన పద్యములను అచ్చువేయించిన బ్రౌను దొర పరదేశియై యుండియు ఈ పద్యముల విలువను గుర్తించెను. మన యింటిలో మనము గుర్తింపకుండుట తగదు. పొడుపుకథలను మాత్రము పట్టికలో తేదీలతో పెట్టరాదు. కొబ్బరికాయ కొట్టునపుడు కొబ్బరికాయ పొడుపు, ఉల్లిపాయ తరుగునపుడు ఉల్లిపాయ పొడుపు. వస్తువు చేతిలో నున్నప్పుడే పొడుపునకు ప్రాణము.

మే నెలలో చేయవలసిన పని అన్నిటికంటె ముఖ్యమైనది. వేసవిసెలవులలో ఊరికి పోయినప్పుడు తాతయ్య, అమ్మమ్మ, నాయనమ్మల నోట ఉన్న కథలను, పాటలను ఒక నోటుపుస్తకమున వారి మాటలలోనే వ్రాసికొనవలెను. చేతిలోని ఫోనులో వారి గొంతును పట్టుకొనవలెను. రాయలసీమ అవ్వ పలుకును రాయలసీమ పలుకుగానే, తెలంగాణపు నాయనమ్మ యాసను ఆ యాసగానే ఉంచవలెను. సవరించి శిష్టభాష చేయుట పండితుల పాత జాడ్యము. ఆ పిమ్మట అచ్చు పుస్తకములు. 1958లో ప్రకటితమైన బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయసాహిత్యము’ పెద్దలు చదువుకొనదగినది. న్యాయపతి రాఘవరావు దంపతులు 1945లో ఆరంభించిన ‘బాల’, 1947లో మద్రాసున పుట్టిన ‘చందమామ’ పాత సంచికలు కొన్ని యిండ్లలో నేటికిని కలవు. ఆ రెండును నేడు వెలువడుట లేదు; ఉన్నవానిని చిత్తుకాగితములవానికి ఇచ్చివేయక దాచుకొనవలెను. నేషనల్ బుక్ ట్రస్టు బొమ్మల పుస్తకములు వెల తక్కువవి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మకథలు ఉచితముగా లభించును.

ఏరుట ఎంత ముఖ్యమో ఏరివేయుటయు అంత ముఖ్యము. పాతదైన ప్రతి కథయు మంచిది గాదు. కుంటివానిని, గ్రుడ్డివానిని నవ్వులపాలు చేయునవి, ఒక కులమును మూర్ఖులుగా చిత్రించునవి, సవతితల్లి యనినంతనే రాక్షసి యని నమ్మించునవి మన మౌఖికవాఙ్మయమున లేకపోలేదు. పరిశోధకుడు వానిని భద్రపరుపవలెను. నాలుగేండ్ల బిడ్డకు చెప్పనక్కరలేదు. తెనాలి రామలింగని కథలలో చమత్కారము మోసముతో పెనవేసికొని యున్నది గనుక అవి మరికొన్ని యేండ్లు ఆగవచ్చును. ఊహాకథలే చిన్నపిల్లలకు తొందరగా వలదని మాంటిసోరి పక్షమువారు వాదింతురు. 1939లో అడయారునకు వచ్చి మన దేశమున ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిన ఆ విదుషీమణి మాటను తేలికగా త్రోసిపుచ్చరాదు. అయితే మాటలాడు చేపను విన్న బిడ్డ వంటింటిలోని చేప మాటలాడునని భ్రమించునని నాకు తోచదు. కథాలోకము వేరు, ఇంటిలోకము వేరని తెలిసికొనుటయే సాహిత్యమునందు తొలిపాఠము.

ఈ ప్రతిపాదనకు బలమైన ఆక్షేపణ మరియొకటి కలదు. ఇదంతయు ఎవరు చేయవలెను? ఇంటిలో శిక్షణము అనినంతనే ఆ బరువు తల్లి తలపై పడుట మన యిండ్లలో మామూలు. ఆమెకు వంట కలదు, పలువురికి ఉద్యోగము కలదు. ‘తల్లియే తొలిగురువు’ అను సూక్తిని పలికి పురుషులు తప్పించుకొనుటకు ఈ పట్టిక మరియొక సాధనమగునేని, అది లేకున్ననే మేలు. అందుచేత పట్టికలో ప్రతి అంశము ప్రక్కను ఒక పేరు వ్రాయవలెను. పద్యము తండ్రిది, ఉదయపు పాట తల్లిది, ఆదివారపు కథ ఫోనులో అమ్మమ్మది. పేరు వ్రాయని పని తల్లి పనియగునని మనకు తెలియనిది గాదు. ముందుగా క్రమ మేర్పరచుటవలన గలుగు పెద్ద లాభములలో ఇది యొకటి: పని కంటికి కనబడును, పంచుకొనుటకు వీలగును.

ఇతరభాషలకు ఇది అడ్డు గాదా యని అడుగువారికి సమాధానము సులభము. దినమున అరగంట తెలుగు కథ విన్నందున ఎవనికిని హిందీ రాకపోలేదు. ప్రక్కింటి పిల్లలతో ఆడుచు హిందీ నేర్చును, బడిలో ఇంగ్లీషు నేర్చును. తెలుగు కథకు మాత్రము ఆ యింటిలో తప్ప వేరెక్కడను చోటు లేదు. తీరిక లేని కూలి కుటుంబములవారి మాట యేమనునది మాత్రము నిజమైన ప్రశ్న. వలసకార్మికుల బిడ్డలకు ఇంటి పట్టికలు పనికిరావు. వారికి అంగన్‌వాడీలో, సంఘభవనములో, చెట్టుక్రింద ఎవరో ఒకరు చెప్పవలెను.

ఆ ఎవరో ఒకరు మనమే యేల కారాదు? ఈ మాట విశ్వవిద్యాలయములలోని తెలుగు శాఖలను ఉద్దేశించి చెప్పుచున్నాను. జోలపాటలను, ఆటపాటలను వర్గీకరించితిమి; గొలుసుకథలకు సంఖ్యలు వేసితిమి; సిద్ధాంతవ్యాసములను బైండు చేయించి బీరువాలలో పెట్టితిమి. ఆ బీరువాకు కూతవేటు దూరమున, విశ్వవిద్యాలయపు నివాసగృహములలోనే, ఆ కథలలో ఒక్కటియు వినని తెలుగు బిడ్డలు పెరుగుచున్నారు. ప్రతి శాఖయు ఏటేట ఏప్రిల్ మాసమున ఒక చిన్న పత్రమును ప్రకటింపవచ్చును: 12 కథల సారములు, 12 పద్యములు, 20 పాటలు, వాని స్వరములు, మూలగ్రంథముల పేర్లు. మూడు ప్రాంతముల పలుకులకును అందు చోటుండవలెను. ఎం.ఏ. విద్యార్థి ఒక్కొక్కడు సేకరించిన ఒక్కొక్క కథను, వారమున కొకమారు, సమీపమున నున్న పిల్లలకు చెప్పవచ్చును. పిల్లలు వినక లేచిపోయిన కథను మరల సవరించుకొని వచ్చుటకంటె గొప్ప క్షేత్రపరిశోధనము ఏమి కలదు?

ఉగాదితో ఏడు ముగియును. పరీక్ష అక్కరలేదు. వేసవిలో ఊరికి పోయిన దినమున, రాత్రి భోజనము లైన పిదప, బిడ్డ అమ్మమ్మ ప్రక్కను చేరి తానే ఏడుచేపల కథ నెత్తుకొని, నడుమ ఒక చేపను మరచి, ఆమె అందీయగా అందుకొని ముగించినచో ఆ సంవత్సరము ఫలించినట్లే. ఆ పిమ్మట అక్షరములు నేర్పుడు. వానితో ఏమి చేయవలెనో ఆ బిడ్డకు తెలిసియుండును.